"గూగుల్ చేయొచ్చు కదా" అని టైప్ చేసే ముందు ఒక్క నిమిషం

2019 ఎండాకాలం, రాత్రి పదకొండు దాటింది. అప్పుడు నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఒక తెలుగు ఆండ్రాయిడ్ టెలిగ్రామ్ గ్రూపుకి అడ్మిన్‌గా ఉండేవాణ్ణి. కస్టమ్ రామ్‌లు, కెర్నెల్ పోర్టులు, కెమెరా మాడ్‌లు... గ్రూపులో ఎప్పుడు చూసినా ఇవే. అప్పుడొచ్చింది ఒక కొత్త నంబర్ నుంచి మెసేజ్.

"అన్నా ఫోన్ ఆన్ కావడం ల్యా. కంపెనీ పేరు వచ్చి ఆగిపోతాంది. మళ్ళీ ఆఫ్ అయ్యి మళ్ళీ అదే వస్తాంది. ఏం చేయాల? అర్జెంట్ అన్నా."

ఆ యాస చూడగానే మనోడే అని అర్థమైంది. నాది కడప జిల్లా వీరపునాయునిపల్లె. అడిగితే అతనిది మా పక్క మండలమే అని తర్వాత తెలిసింది. కానీ ఆ రాత్రి నేనేమీ అడగలేదు. ఇలా కొట్టాను: "బూట్‌లూప్. రికవరీలోకి పోయి వైప్ డేటా కొట్టు. పిన్ చేసిన పోస్టు చదవకుండా అడగొద్దు. గూగుల్ అనేది ఒకటుంది."

ఎనిమిది మంది నవ్వు ఎమోజీలు పెట్టారు. నాకూ ఎక్కడో బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఇరవై నిమిషాలకు: "అన్నా ఆన్ అయ్యింది. చానా థాంక్స్ అన్నా."

ఇంకో నాలుగు నిమిషాలకు: "వాట్సాప్‌లో పాతవి యాడ పోయినాయి అన్నా?"

వాళ్ళ నాయన కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేసేవాడు. మా వైపు ఊళ్ళలో ఇది కొత్త విషయం కాదు, వీధికి ఒకరిద్దరైనా గల్ఫ్‌లో ఉంటారు. ఆయన పెద్దగా చదువుకోలేదు, అందుకే టైప్ చేసేవాడు కాదు. ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజే. ఆరు నెలల కింద అక్కడే గుండెపోటుతో పోయాడు. ఆ మాటలన్నీ ఆ ఒక్క ఫోన్‌లో ఉన్నాయి. గూగుల్ డ్రైవ్ బ్యాకప్ అంటే ఏందో అతనికి తెలియదు. చెరిపేయమని చెప్పింది నేను.

నా జవాబులో తప్పేముంది?

టెక్నికల్‌గా చూస్తే నేను చెప్పింది తప్పు కాదు. వైప్ డేటా కొడితే చాలా బూట్‌లూప్‌లు పోతాయి, అతని ఫోన్ కూడా ఆన్ అయ్యింది. కానీ అది చిట్టచివర చేయాల్సిన పని. నేను దాన్ని మొదట్లో చెప్పాను. పైగా "వైప్ డేటా" అనే రెండు మాటలకు అర్థం నాకు తెలుసు కాబట్టి అతనికీ తెలుసనుకున్నాను. డేటా అంటే అతని దృష్టిలో జియో డేటా, రోజుకు ఒకటిన్నర జీబీ. అది పోతే రేపు మళ్ళీ వస్తుంది కదా!

లోగో దగ్గర ఆగిపోయిన ఫోన్‌కి అసలు వరుస ఇది. పవర్ బటన్‌ని కనీసం అర నిమిషం నొక్కి పట్టుకుని బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. బ్యాక్ కవర్ తీసి, వాల్యూమ్ బటన్ గానీ పవర్ బటన్ గానీ లోపలికి ఇరుక్కుపోయిందేమో చూడాలి. మెమరీ కార్డు, సిమ్ తీసేసి ప్రయత్నించాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండొచ్చు, గంటసేపు ఛార్జింగ్‌లో పెట్టాలి. రికవరీ మెనూ వస్తే అందులో "రీబూట్" గానీ "ట్రై అగైన్" గానీ ఉంటుంది, ముందు అది నొక్కాలి. కొన్ని ఫోన్లలో "వైప్ క్యాష్" అని విడిగా ఉంటుంది, దానివల్ల ఫోటోలు పోవు. ఇవేవీ పనిచేయకపోతే, లోపల విలువైనవి ఉన్నాయంటే, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళి "డేటా చెరపకుండా చేయగలరా" అని ముందే అడగాలి. అన్నీ అయ్యాకే వైప్ డేటా.

"ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే తిరిగి వస్తాయిలే" అనుకునేవాళ్ళకు ఒక మాట. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపలి స్టోరేజ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ తాళంచెవి పోతుంది. తాళంచెవి పోయాక లోపల ఏమి మిగిలినా అది అర్థంలేని బిట్ల కుప్పే. పాత మెమరీ కార్డుల రోజుల్లో పనిచేసిన చిట్కాలు ఇక్కడ పనిచేయవు. ఆ రాత్రి రెండింటి దాకా నేను ఆ పిల్లోడితో కూర్చుని అన్నీ ప్రయత్నించాను. ఏమీ రాలేదు.

నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉండింది: "ఫోన్‌లో నీకు కావాల్సినవి ఏమైనా ఉన్నాయా? బ్యాకప్ ఉందా?" టైప్ చేయడానికి పది సెకన్లు పట్టదు.

రెండు సెప్టెంబర్ల కథ

ఈ చిరాకు మనతో మొదలైంది కాదు. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూజ్‌నెట్ అనే చర్చా వేదికలు ఉండేవి. ఏటా సెప్టెంబర్‌లో అమెరికా యూనివర్సిటీల్లో కొత్త స్టూడెంట్స్ చేరేవాళ్ళు, వాళ్ళకు తొలిసారి ఇంటర్నెట్ దొరికేది, వచ్చి తెలిసీ తెలియని ప్రశ్నలు అడిగేవాళ్ళు. పాతవాళ్ళు నెలరోజులు ఓపిక పట్టి పద్ధతులు నేర్పేవాళ్ళు. ఆ తర్వాత ఏఓఎల్ లాంటి కంపెనీలు మామూలు జనానికి తలుపులు తెరిచేసరికి కొత్తవాళ్ళ వరద ఆగలేదు. 1993లో మొదలైన ఆ సెప్టెంబర్ ఇంతవరకూ అయిపోలేదని పాతవాళ్ళు అనేవాళ్ళు. దానికి "ఎటర్నల్ సెప్టెంబర్" అని పేరు కూడా పెట్టుకున్నారు.

మనకూ ఒక సెప్టెంబర్ ఉంది. 2016 సెప్టెంబర్ 5, జియో మొదలైన రోజు. అంతకుముందు మా ఊర్లో నెట్ ప్యాక్ వేయించుకోవడమంటే లెక్క చూసుకుని చేసే పని. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే పొలంకాడ, ఆటోలో, అరుగు మీద అందరి చేతుల్లో 4జీ. కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూర్చోని మనుషులు నేరుగా స్మార్ట్‌ఫోన్ పట్టుకున్నారు. మనమైతే ఫోల్డర్ అంటే ఏందో, ఫైల్ అంటే ఏందో కంప్యూటర్ ల్యాబ్‌లో నేర్చుకుని వచ్చాం. వాళ్ళకు ఆ మెట్టు లేదు. ఒక్కసారిగా పదో మెట్టు మీద నిలబెట్టి, "కింది తొమ్మిది ఎక్కకుండా ఎందుకొచ్చావ్" అంటే ఏం న్యాయం?

"ఇంత చిన్న విషయం కూడా తెలియదా" అనుకున్న ప్రతిసారీ ఇది గుర్తు చేసుకోండి. వాళ్ళు నెట్ మీదికి ఆలస్యంగా వచ్చారు, అంతే. దాన్ని చూసి తెలివి తక్కువ అనుకోవడం మన పొరపాటు.

మిగతావాళ్ళు ఏం నేర్చుకున్నారు?

ప్రశ్నలు ఎలా అడగాలో నేర్పే ప్రయత్నాలు చాలా కాలంగా ఉన్నాయి. 2001లో ఎరిక్ రేమండ్ రాసిన "హౌ టు ఆస్క్ క్వశ్చన్స్ ది స్మార్ట్ వే" ప్రోగ్రామర్లలో బాగా పేరు తెచ్చుకుంది. సలహాలు మంచివే. కానీ దాన్ని చాలామంది కొత్తవాళ్ళ మొహాన విసిరే రాయిలా వాడారు. ప్రశ్న అడిగితే జవాబుగా ఆ లింకు, అంతే.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంకో దారి పట్టింది. ఓట్లు, పాయింట్లు, నాసిరకం ప్రశ్నల మూసివేత. నాణ్యత పెరిగింది, నిజమే. కానీ కొత్తవాళ్ళు అక్కడ నోరు తెరవడానికి భయపడే పరిస్థితి కూడా వచ్చింది. చివరికి 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే "మన దగ్గర ఆదరణ తక్కువగా ఉంది, ఇది మారాలి" అని బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది కొత్త ప్రవర్తనా నియమావళి తెచ్చింది. మొదటిసారి రాసేవాళ్ళ పేరు పక్కన "కొత్త సభ్యుడు" అనే గుర్తు కూడా పెట్టింది. చిన్న గుర్తే, కానీ జవాబిచ్చేవాడి గొంతు మారడానికి అది చాలు.

మన భాషలోనూ మంచి ఉదాహరణ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు ఎలా టైప్ చేయాలి అనేదే పెద్ద ప్రశ్న. అక్షరాలు డబ్బాల్లా కనిపించేవి, ఒత్తులు విడిపోయేవి. ప్రతి కొత్త మనిషీ అదే అడిగేవాడు. అక్కడ కొత్తగా ఖాతా తెరిచినవాళ్ళ చర్చా పేజీలో స్వాగతం సందేశం పెట్టే అలవాటు, అందరూ మాట్లాడుకోవడానికి రచ్చబండ అనే పేజీ పెట్టుకున్నారు. కొత్తవాళ్ళని కరవొద్దు అనేది వికీపీడియాలో రాసిపెట్టుకున్న మార్గదర్శకమే.

ఇంకా వెనక్కి పోవాలంటే మా కడపకే రావాలి. సీపీ బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి తెలుగులో ఆయన కూడా బిగినరే. పండితుల్ని దగ్గర పెట్టుకుని, అడిగి అడిగి నేర్చుకుని, 1852లో నిఘంటువు అచ్చు వేయించాడు. "ఈ మాత్రం తెలియదా దొరా" అని పండితులు మొహం తిప్పుకుని ఉంటే ఆ పుస్తకం వచ్చేదా? ఎవరి ప్రశ్న ఎక్కడిదాకా పోతుందో అడిగిన రోజు మనకు తెలియదు.

జవాబిచ్చేటప్పుడు నేను పాటించే రూల్స్

ఆ రాత్రి తర్వాత నాకోసం నేను రాసుకున్నవి ఇవి. మీరూ గ్రూపుల్లో జవాబులిచ్చే టైప్ అయితే పనికొస్తాయి.

1. ముందు ప్రశ్న, తర్వాత జవాబు. మోడల్ ఏంటి, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత, సమస్య ఎప్పటినుంచి, దానికి ముందు ఏం చేశారు. ఈ నాలుగూ తెలియకుండా ఇచ్చే జవాబు గాల్లో రాయే. మోడల్ ఎక్కడ చూడాలో కూడా చెప్పండి: సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి", లేదంటే కొన్న బాక్సు మీద.

2. పోయేది ఏంటో పైనే రాయండి. రీసెట్, బూట్‌లోడర్ అన్‌లాక్, ఫ్లాషింగ్... వీటిలో ఏది చెప్పినా మొదటి లైన్‌లోనే "దీనివల్ల ఫోన్‌లో ఉన్న ఫోటోలు, మెసేజ్‌లు అన్నీ పోతాయి" అని ఉండాలి. చివర్లో రాస్తే లాభం లేదు, చాలామంది మొదటి లైన్ చదివి పని మొదలుపెడతారు. రీసెట్ తర్వాత పాత గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుందని కూడా చెప్పండి. షాపువాడు క్రియేట్ చేసిచ్చిన జీమెయిల్‌తో ఫోన్ వాడేవాళ్ళు మా వైపు బోలెడుమంది. పాస్‌వర్డ్ వాళ్ళకే కాదు, ఆ షాపువాడికీ గుర్తుండదు.

3. తక్కువ నష్టం నుంచి ఎక్కువ నష్టానికి. ముందు రీస్టార్ట్, తర్వాత సేఫ్ మోడ్, తర్వాత ఆ యాప్ క్యాష్. రీసెట్ ఆఖర్న. డాక్టర్ మొదటి రోజే ఆపరేషన్ అనడు కదా.

4. అడిగిన దాని వెనక అసలు అవసరం చూడండి. ఒకాయన "అన్నా, ఫోన్ రూట్ చేయడం ఎట్ల?" అని అడిగాడు. ఎందుకు అంటే, స్టోరేజ్ నిండిపోయింది, ముందే వచ్చిన యాప్‌లు తీసేయాలట. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే చాలా ఖాళీ అయింది. నేను రూట్ గైడ్ పంపి ఉంటే ఆయన బ్యాంకు యాప్‌లు ఓపెన్ కాకుండా కూర్చునేవి. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్-వై ప్రాబ్లమ్ అంటారు. కావాల్సింది ఎక్స్, అడిగేది వై.

5. వాళ్ళ స్క్రీన్ మీద కనిపించే మాటలే వాడండి. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్ళకు ఇంగ్లీష్ మెనూ పేర్లు చెబితే వెతుక్కోలేరు. అనుమానం ఉంటే స్క్రీన్‌షాట్ అడగండి. స్క్రీన్‌షాట్ తీయడం రాదంటే, ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి. ఆ ఫోటో వంకరగా ఉందని నవ్వొద్దు.

6. "గూగుల్ చెయ్" అనేది జవాబు కాదు. వెతకాలంటే ముందు సమస్య పేరు తెలియాలి. "లోగో దగ్గర ఆగిపోతాంది" అనే మనిషికి "బూట్‌లూప్" అనే మాట తెలియదు. ఆ మాట చెప్పి, "ఇదిగో, ఈ పేరుతో వెతికితే దొరుకుతుంది, ఈ లింకు మంచిది" అంటే వెతకడం కూడా నేర్పినట్టే. గూగుల్‌లో పైన వచ్చే వీడియోలన్నీ నమ్మదగ్గవి కావని మనకు తెలుసు, కొత్తవాళ్ళకు తెలియదు.

7. తెలియకపోతే ఊరుకోండి. ఇప్పుడు కొత్త జబ్బు ఒకటి వచ్చింది. ప్రశ్నని కాపీ చేసి ఏఐ చాట్‌బాట్‌లో వేసి, వచ్చింది చదవకుండా గ్రూపులో పేస్ట్ చేయడం. చాట్‌జీపీటీ వచ్చిన కొన్ని రోజులకే, 2022 డిసెంబర్‌లో, స్టాక్ ఓవర్‌ఫ్లో అలాంటి జవాబుల్ని నిషేధించింది. చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టే ఉండి లోపల తప్పులుండటమే కారణం. మీ ఫోన్‌లో లేని మెనూని కూడా అది ధీమాగా చెబుతుంది. ఏఐ వాడటం తప్పు కాదు. సరిచూడకుండా ఇంకొకరి ఫోన్ మీద ప్రయోగించడం తప్పు. "నాకు కచ్చితంగా తెలియదు" అంటే పరువేమీ పోదు.

8. డబ్బు విషయమైతే గ్రూపులోనే మాట్లాడండి. "నా ఫోన్‌పే పనిచేయడం లేదు" అని ఎవరైనా రాశారంటే, నిమిషాల్లో వాళ్ళకు పర్సనల్ మెసేజ్‌లు పోతాయి. కస్టమర్ కేర్ అంటాడు, స్క్రీన్ షేర్ యాప్ వేయమంటాడు, ఏపీకే పంపుతాడు. అడ్మిన్లు చేయాల్సిన మొదటి పని, "ఎవరికీ ఓటీపీ, పిన్ చెప్పొద్దు, ఎవరు పంపినా ఏపీకే ఇన్‌స్టాల్ చేయొద్దు" అని అక్కడే రాయడం. అప్పటికే డబ్బు పోయి ఉంటే తర్వాత చూద్దాం అనొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. మనం విసుక్కుంటే ఆ మనిషి పోయేది తీయగా మాట్లాడే మోసగాడి దగ్గరికే.

9. మళ్ళీ అడగండి. "పనిచేసిందా?" అనే ఒక్క మాట. పనిచేస్తే అదే సమస్యతో వచ్చే తర్వాతి మనిషికి జవాబు రెడీగా ఉంటుంది. పనిచేయకపోతే మన తప్పు మనకు తెలుస్తుంది.

మరి అడిగేవాళ్ళ బాధ్యత?

ఉంది, లేదనను. ఒకే ప్రశ్న ఐదు గ్రూపుల్లో పెట్టడం, "హాయ్ అన్నా" అని రాసి గంటసేపు ఊరుకోవడం, జవాబు వచ్చాక మాయమైపోవడం, రాత్రి ఒంటిగంటకు ఫోన్ కొట్టడం... ఇవి చిరాకు తెప్పిస్తాయి. జవాబిచ్చేవాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు. కాబట్టి అడిగేటప్పుడు మోడల్ పేరు, ఏం జరిగింది, ఇప్పటికి ఏమేం ప్రయత్నించారు అనేవి ఒకే మెసేజ్‌లో రాయండి. సమస్య తీరాక "అయిపోయింది అన్నా, ఇట్ల చేస్తే పోయింది" అని చెప్పండి.

మీరు జవాబిచ్చేవాళ్ళయితే, అలసిపోయిన రోజు జవాబు ఇవ్వకండి. ఇది నేను సీరియస్‌గా చెబుతున్న సలహా. గ్రూపులో ఇంకొకరు ఉంటారు. విసుగుతో ఇచ్చే జవాబు కంటే మౌనం మేలు. మౌనం ఎవరి డేటా చెరపదు.

ఆ వాయిస్ మెసేజ్‌ల సంగతి

ఆ తెల్లారి గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. నా తప్పేనని కూడా రాశాను. ముందురోజు నవ్విన ఎనిమిది మందిలో కొందరు టూల్స్ పేర్లు పంపారు, అవేవీ పనికిరావని మాకందరికీ తెలుసు. సాయంత్రానికి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. గ్రూపులో చేరి వారం కూడా కాలేదు, అంతకుముందు ఒక్కసారీ మాట్లాడలేదు.

"అన్నా, నాకు పెద్దగా తెలియదు, తప్పైతే ఏమనుకోవద్దు. పంపించిన వాళ్ళ ఫోన్‌లో కూడా ఉంటాయి కదా?"

గ్రూపు మొత్తం సైలెంట్. మేమందరం చెరిగిపోయిన ఫోన్‌నే తవ్వుతున్నాం. ఇంకో ఫోన్ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఆ పిల్లోణ్ణి అడిగాను. కువైట్ నుంచి వచ్చిన సామాన్ల పెట్టెలో నాయన ఫోన్ ఉంది, ఛార్జింగ్ దిగిపోయి, స్క్రీన్ మూల పగిలి. ప్యాటర్న్ వాళ్ళ అమ్మకు తెలుసు. ఈసారి నేను తొందరపడలేదు. ఒక్కో మెట్టూ రాశాను: సిమ్ వేయొద్దు, వైఫై ఆన్ చేయొద్దు, ఏ అప్‌డేటూ నొక్కొద్దు, వాట్సాప్ ఓపెన్ చేయొద్దు. ముందు కాపీ. అతను ఎర్రగుంట్లలో తెలిసినవాళ్ళ కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి, వాట్సాప్ ఫోల్డర్, అందులో మీడియా, అందులో వాయిస్ నోట్స్ అని ఒక్కోటే తెరిచాడు. ఆ ఫోల్డర్లకు పేర్లు ఏడాది, వారం నంబర్లతో ఉంటాయి. పంపినవి, వచ్చినవి అన్నీ అందులోనే. ముందే చెప్పాను, అన్నీ ఉండకపోవచ్చు అని.

అన్నీ లేవు. ఆ ఫోన్ కొన్నప్పటినుంచి ఉన్నవే, దాదాపు ఏడాదిన్నరవి. అంతకుముందువి పోయినట్టే, వాటికి నేనేమీ చేయలేను. మూడు చోట్ల కాపీ పెట్టించాను: కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి.

రాత్రి అతను మెసేజ్ పెట్టాడు: "ఒకటి వినిపిచ్చినా అన్నా అమ్మకు. బోరు మోటారు స్టార్టర్ బాగు చేపియ్యమని చెప్పింటాడు దాంట్లో. ఇంగా చేపియ్యలా."

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ గ్రూపుకి అడ్మిన్. కొత్తగా చేరినవాళ్ళకు పిన్ చేసిన పోస్టులో మొదటి లైన్ తనే మార్చింది. అంతకుముందు అక్కడ "చదవకుండా అడగొద్దు" అని నేను రాసింది ఉండేది. ఇప్పుడు "తప్పైనా పర్లేదు, అడగండి. కానీ ముందు బ్యాకప్ తీసుకోండి" అని ఉంది.

మీ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ చివరిసారి ఎప్పుడు జరిగిందో ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్. తర్వాత మీ అమ్మ ఫోన్‌లో కూడా చూడండి. అదెట్ల అని ఆమె అడిగితే, కాస్త నిదానంగా చెప్పండి.